మౌత్ ఆర్గాన్ కొనే ముందు: వరంగల్‌లో మీరు ఎవరి పక్కన కూర్చుని వాయిస్తారు?

హన్మకొండలోనో వరంగల్‌లోనో వాయిద్యాల దుకాణానికి వెళ్లి మౌత్ ఆర్గాన్ (హార్మోనికా) కావాలని అడిగితే ఎక్కువగా చేతికొచ్చేది ఇరవై నాలుగు రంధ్రాలున్న పొడవాటి పెట్టె. సి స్కేల్, ధర కొన్ని వందలు. వాయించి చూస్తే వణుకుతున్నట్టు తీయటి ధ్వని వస్తుంది. ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు సాధన చేశాక స్నేహితుడి గిటార్‌తో కలిపి వాయిద్దామనుకుంటే స్కేల్ కుదరదు. పాత సినిమా పాట మొదలుపెడితే మధ్యలో ఏదో ఒక స్వరం దొరకదు. చాలామంది అక్కడే ఆగిపోయి ‘నాకు సంగీతం రాదు’ అని నిర్ణయించుకుంటారు. వాళ్లకు సంగీతం రాకపోవడం కాదు, వాళ్ల చేతిలో ఉన్నది వాళ్ల పాటకు తగిన రకం కాదు.

అందుకే ‘ఏ మౌత్ ఆర్గాన్ మంచిది?’ అని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: ఎవరితో కలిసి వాయిస్తారు? మన ఊళ్లో సంగీతం పాడేవాళ్ల చుట్టూ తిరుగుతుంది. బతుకమ్మ ఆడే చోట, ధూంధాం వేదిక మీద, చర్చి క్వైర్‌లో, పెళ్లి ఆర్కెస్ట్రాలో, హాస్టల్ గదిలో గొంతే ముందుంటుంది, వాయిద్యం దాని వెనుక నడుస్తుంది. పాడే మనిషి శ్రుతి ఏమిటో, పాట ఎలాంటిదో తెలిస్తే ఏ రకం కొనాలో సగం తేలిపోతుంది. బ్రాండ్, ధర తర్వాతి విషయాలు.

మూడు రకాలు, మూడు స్వభావాలు

దుకాణాల్లో కనిపించేవి ముఖ్యంగా మూడు: ట్రెమెలో, పది రంధ్రాల డయాటోనిక్, పక్కన బటన్ ఉండే క్రొమాటిక్. వీటిని చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది అనుకోకూడదు. లోపలి నిర్మాణమే వేరు.

ట్రెమెలోలో ప్రతి స్వరానికి రెండు రీడ్లు, అంటే గాలికి కంపించి పలికే పల్చటి లోహపు రేకులు, ఉంటాయి. వాటిని ఒకే శ్రుతికి కాకుండా కావాలనే కాస్త తేడాతో ట్యూన్ చేస్తారు. ఆ తేడా వల్లే ధ్వని అలలా ఊగుతుంది. ఇరవై నాలుగు రంధ్రాల జంటలకు నలభై ఎనిమిది రీడ్లు. ప్రతి రీడ్‌కూ విడి గది ఉంటుంది కాబట్టి స్వరాన్ని ఊపిరితో కిందికి లాగడం, అంటే బెండ్ చేయడం, దీని మీద సాగదు. సి స్కేల్ ట్రెమెలోలో సి మేజర్ స్వరాలే ఉంటాయి. మన లెక్కలో శంకరాభరణం స్వరాలు, అంతే. హార్మోనియం మీద నల్ల మెట్లన్నీ తీసేసినట్టు అనుకోండి.

పది రంధ్రాల డయాటోనిక్ చూడటానికి చిన్నది, జేబులో పడుతుంది. ఒక్కో రంధ్రంలో రెండు రీడ్లు: ఒకటి ఊదితే పలుకుతుంది, ఒకటి పీలిస్తే పలుకుతుంది. మొత్తం ఇరవై. స్వరాల అమరిక మాత్రం కొత్తవాళ్లను తికమక పెడుతుంది. నాలుగో రంధ్రం నుంచి ఏడో రంధ్రం దాకా ఉన్న మధ్య స్థాయిలోనే సప్తస్వరాలూ వరుసగా ఉంటాయి. కింది స్థాయిలో మధ్యమం, ధైవతం లేవు. పై స్థాయిలో నిషాదం లేదు. పక్కపక్క రంధ్రాలను ఒకేసారి ఊదితే కార్డులు, అంటే కలిసి ఇంపుగా పలికే స్వరాల గుంపులు, రావాలని ఇలా అమర్చారు. జర్మనీలోని ట్రోసింగెన్‌లో 1857లో మొదలైన హోనర్ కంపెనీ 1896లో తెచ్చిన మెరైన్ బ్యాండ్ ఈ రకానికి పేరు తెచ్చింది. అమెరికాలో బ్లూస్ అనే నల్లజాతి సంగీతం పాడేవాళ్లు దాన్ని పట్టుకున్నాక, లేని స్వరాలను ఊపిరితో పుట్టించుకోవడమే ఒక కళగా మారింది.

ఆ కళ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మంచిది. డయాటోనిక్‌లో ఊదే రీడ్, పీల్చే రీడ్ రెండూ ఒకే గదిలో ఉంటాయి. నాలుకనూ గొంతునూ ఒక పద్ధతిలో మార్చి గాలి పీలిస్తే రెండు రీడ్లూ కలిసి స్పందించి స్వరం కిందికి జారుతుంది. పీలుస్తూ రెండో రంధ్రంలో ఒక పూర్తి స్వరం దాకా, మూడో రంధ్రంలో ఒకటిన్నర స్వరం దాకా దిగవచ్చు. ఒకటి, నాలుగు, ఆరు రంధ్రాల్లో అర స్వరం, అంటే హార్మోనియం మీద పక్క మెట్టు దాకా. పైన ఎనిమిది, తొమ్మిది, పది రంధ్రాల్లో ఊదుతూ బెండ్ చేయాలి. మన పాటలో జారుకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఈ బెండే. నా మటుకు డయాటోనిక్ గొప్పదనమంతా ఇక్కడే ఉంది. కాకపోతే శుభ్రమైన బెండ్ రావడానికి నెలలు పడుతుంది, శ్రుతి సరిగ్గా నిలవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది.

క్రొమాటిక్‌లో మామూలుగా పన్నెండు రంధ్రాలు, నలభై ఎనిమిది రీడ్లు. ఒక్కో రంధ్రంలో నాలుగు స్వరాలు: ఊదితే ఒకటి, పీలిస్తే ఒకటి, బటన్ నొక్కి ఊదితే అర స్వరం పైన, బటన్ నొక్కి పీలిస్తే అర స్వరం పైన. మూడు స్థాయిల్లో పన్నెండు స్వరస్థానాలూ దొరుకుతాయి. పదహారు రంధ్రాలు, అరవై నాలుగు రీడ్లున్నవీ వస్తాయి. హోనర్ సూపర్ 64 ఆ కోవలోది. మొదటిసారి కొనేవాళ్లకు అంత పెద్దది అక్కర్లేదు. గాలి వృథా కాకుండా రీడ్ల మీద పల్చటి ప్లాస్టిక్ వాల్వులు అంటించి ఉంటాయి. క్రొమాటిక్ సుఖమూ దుఃఖమూ ఆ వాల్వుల్లోనే ఉన్నాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

శ్రుతి దగ్గరే అసలు ఎంపిక

మన దగ్గర పాడేవాళ్లు సి, డి, జి అనరు. ఒకటి, రెండు, ఐదు అంటారు. సి అంటే ఒకటి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, ఎఫ్ షార్ప్ నాలుగున్నర, జి ఐదు, ఎ ఆరు. మగవాళ్లు ఎక్కువగా ఒకటి నుంచి రెండున్నర మధ్యలో పాడతారు. ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఆరు దాకా. జానపదం పాడేవాళ్లు ఇంకా పైకి ఎత్తుకుంటారు, ఆరుబయట గొంతు అందరికీ వినబడాలి కదా. మౌత్ ఆర్గాన్ కొనే ముందు మీతో పాడబోయే అక్కనో అన్ననో ‘మీ శ్రుతి ఎంత?’ అని అడగండి. వాళ్లకే తెలియకపోతే హార్మోనియం ముందు పెట్టుకుని ఒక పాట పాడించండి. ఐదు నిమిషాల పని. ఈ ఒక్క పనితో వేల రూపాయలు మిగులుతాయి.

ట్రెమెలో సి స్కేల్‌ది ఉంటే ఒకటి శ్రుతిలో, శంకరాభరణం లాంటి మేజర్ పాటలకు సరిపోతుంది. ఆ మేజర్ పాటలే వేరే శ్రుతిలో కావాలంటే వేరే ట్రెమెలో కొనాలి. అవి మన దగ్గర తేలిగ్గా దొరకవు.

డయాటోనిక్‌కూ ఇదే చిక్కు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ దీనికొక దారి ఉంది. వాయించేవాడు షడ్జమాన్ని వేరే స్వరం మీదికి మార్చుకుంటాడు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది గ్రహభేదం. బ్లూస్ వాళ్లు పొజిషన్లు అంటారు. ఒకే సి డయాటోనిక్ మీద సి నుంచి మొదలుపెడితే శంకరాభరణం. డి నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ, అదీ నాలుగో రంధ్రం పీల్చడం నుంచి ఎనిమిదో రంధ్రం పీల్చడం దాకా ఒక్క బెండ్ కూడా లేకుండా. జి నుంచి హరికాంభోజి. ఎఫ్ నుంచి కల్యాణి. ఎ నుంచి నటభైరవి. ఇ నుంచి తోడి స్వరాలు వస్తాయి గానీ గమకం (స్వరాన్ని ఊపడం) లేని తోడిని తోడి అనలేం, దాని జోలికి పోవద్దు.

ఐదు స్వరాల రాగాల దగ్గర ఇది ఇంకా అందంగా కుదురుతుంది. సి డయాటోనిక్ మధ్య స్థాయిలో నాలుగు ఊది, నాలుగు పీల్చి, ఐదు ఊది, ఆరు ఊది, ఆరు పీల్చి, ఏడు ఊదండి. అది మోహన. అవే స్వరాలను డి నుంచి వాయిస్తే మధ్యమావతి. ఇ నుంచి హిందోళం. జి నుంచి శుద్ధ సావేరి. ఒక చిన్న పెట్టె మీద, బెండ్ రాకముందే, నాలుగు రాగాలు నాలుగు శ్రుతుల్లో దొరికాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ధైర్యం ఇచ్చేది ఇంకొకటి లేదు.

అంటే, రెండు శ్రుతిలో ఖరహరప్రియ ఛాయల్లో పాడే అన్నకూ, ఐదు శ్రుతిలో హరికాంభోజి పాట పాడే అక్కకూ ఒకే సి డయాటోనిక్ సరిపోతుంది. నాలుగున్నర శ్రుతిలో పాడేవాళ్లకు హరికాంభోజి కావాలంటే బి స్కేల్ డయాటోనిక్ తీసుకుని రెండో పొజిషన్‌లో, అంటే దాని పంచమాన్ని షడ్జమంగా చేసుకుని, వాయించాలి. ఎఫ్ షార్ప్ స్కేల్‌ది కొంటే మేజర్ పాటలకు నేరుగా కుదురుతుంది గానీ అది అన్నిటికంటే సన్నటి గొంతుది, పై రంధ్రాలు చెవిలో గుచ్చుకుంటాయి.

అయితే మాయామాళవగౌళ కావాలంటే? సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ వరుసలు మొదలుపెట్టే రాగమే డయాటోనిక్ మీద నేరుగా రాదు. శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం మధ్య స్థాయిలో విడిగా లేవు. నాలుగు, ఆరు రంధ్రాల్లో పీలుస్తూ బెండ్ చేసి పుట్టించవచ్చు గానీ ఆ శ్రుతి నిలపడం కష్టం, మొదట్లోనే దాని వెంట పడొద్దు. క్రొమాటిక్ మీద మాత్రం ఇది సులువు: మొదటి రంధ్రం బటన్ నొక్కి ఊదితే శుద్ధ రిషభం, మూడో రంధ్రం బటన్ నొక్కి ఊదితే శుద్ధ ధైవతం. వరంగల్‌లోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలోనో, ఇంటి దగ్గర గురువు దగ్గరో సంగీతం నేర్చుకుంటూ దానికి తోడుగా మౌత్ ఆర్గాన్ వాయించాలనుకునేవాళ్లు ఆలోచించకుండా క్రొమాటిక్ తీసుకోవాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. బటన్‌తో పక్కపక్క స్వరాల మధ్య కంపితం లాంటిది వస్తుంది, పొడవైన జారు రాదు. వీణ, వయొలిన్ పాడినట్టు ఇది పాడదు. ఆ ఆశతో కొంటే నిరాశే మిగులుతుంది.

మన ఊళ్లో ఎక్కడ ఏది

బతుకమ్మ, జానపదం సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. బతుకమ్మ పాటల్లో చాలావాటి వరుసలు కొద్ది స్వరాల్లోనే తిరుగుతాయి. ఒకరు చెబితే మిగిలినవాళ్లు అందుకుంటారు, చప్పట్లే తాళం. ఇంటి ముందు, వాడకట్టులో పది మంది ఆడే చోట ట్రెమెలో ఊగే ధ్వని ఆ వరుసల మీద చాలా చక్కగా కూర్చుంటుంది. రెండు రీడ్ల వల్ల కాస్త పెద్దగా కూడా వినిపిస్తుంది. ఈ పనికి ట్రెమెలోను చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. పాడే ఆడవాళ్ల శ్రుతికి దగ్గరగా ఉన్న స్కేల్‌లో, జి గానీ ఎ గానీ దొరికితే తప్పకుండా తీసుకోండి. సి ఒక్కటే ఉంటే జి నుంచి వచ్చే శుద్ధ సావేరి, హరికాంభోజి వరుసలు ప్రయత్నించండి. పద్మాక్షి గుట్ట దగ్గరో వేయిస్తంభాల గుడి దగ్గరో సద్దుల బతుకమ్మ రోజు వేల మంది చేరినప్పుడు, డీజే మోగుతున్నప్పుడు మాత్రం ఏ మౌత్ ఆర్గాన్ కూడా వినబడదు. ఆ రోజు జేబులో పెట్టుకుని పాటకు గొంతు కలపడం మేలు.

డప్పు, డోలక్, గజ్జెలతో సాగే ధూంధాం వేదిక వేరు. తెలంగాణ ఉద్యమంలో ఊరూరా మోగిన ఆ పద్ధతి ఇప్పటికీ కళాకారుల బృందాల్లో ఉంది. అక్కడ మౌత్ ఆర్గాన్ పాటంతా వాయించకూడదు. పల్లవికీ చరణానికీ మధ్య ఒక చిన్న బిట్, ఆలాపన లాంటి ఒక దీర్ఘ స్వరం, అంతే. ఆ పనికి డయాటోనిక్ బెండ్‌కు సాటి లేదు. మైక్ లేకుండా డప్పు పక్కన నిలబడొద్దు. అయినవోలు జాతరలో ఒగ్గు డోలు ఒకసారి విన్నవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాజీపేటలో సంగతి ఇంకోలా ఉంటుంది. ఫాతిమా కథీడ్రల్, రైల్వే కాలనీ చుట్టుపక్కల చర్చిలు, డిసెంబర్‌లో ఇంటింటికీ తిరిగే కారల్స్ బృందాలు. కారల్స్ ఎక్కువగా మేజర్ స్కేల్‌లో ఉంటాయి, గిటార్ తోడుంటుంది. గిటార్ మీద క్యాపో పెట్టి స్కేల్ మార్చుకోవచ్చు కాబట్టి సి ట్రెమెలో ఒక్కదానితోనూ పని నడుస్తుంది. చలి రాత్రి బయట తిరుగుతూ వాయించడానికి వాల్వుల్లేని ట్రెమెలోనే, డయాటోనిక్‌నే నమ్ముకోవాలి.

ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్లలో గిటార్ పట్టుకునే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. ఎన్ఐటీ స్ప్రింగ్ స్ప్రీ లాంటి ఉత్సవాల్లో బ్యాండ్లు కూడా వేదికెక్కుతాయి. వాళ్లతో కలవాలంటే డయాటోనిక్ తప్ప వేరే ఆలోచన వద్దు. గిటార్ వాళ్లు జి, డి, ఇ, ఎ స్కేళ్లలో ఎక్కువగా వాయిస్తారు. రెండో పొజిషన్‌లో వాయించాలంటే గిటార్ జిలో ఉంటే సి హార్మోనికా, డిలో ఉంటే జి, ఇలో ఉంటే ఎ, ఎలో ఉంటే డి. అందుకే ఈ దారిలో వెళ్లేవాళ్లు సి తర్వాత ఎ, ఆ తర్వాత డి, జి కొనుక్కుంటూ పోతారు. ఒక్కటి కొని ఆగిపోయే వాయిద్యం కాదిది.

ఇక ఆర్కెస్ట్రాలు, పాత పాటల కరోకే బృందాలు. హన్మకొండలో రిటైరైన ఉద్యోగులు, టీచర్లు, బ్యాంకు వాళ్లు చేరి పాత పాటలు పాడుకోవడం చూస్తూనే ఉంటాం. సినిమా పాటల్లో మౌత్ ఆర్గాన్‌కు గౌరవమైన చోటు ఉంది. ఆర్.డి. బర్మన్ కుర్రతనంలో తన తండ్రి ఎస్.డి. బర్మన్ స్వరపరచిన పాటకు స్వయంగా మౌత్ ఆర్గాన్ వాయించారు. తర్వాత ఆయన బృందంలో గిటార్‌తో పాటు మౌత్ ఆర్గాన్ వాయించిన భాను గుప్తా పేరు ఇప్పటికీ వాయించేవాళ్లు తలుచుకుంటారు. సినిమా పాట వరుసగా ఏడు స్వరాలకు కట్టుబడి ఉండదు. పల్లవిలో ఒక గాంధారం ఉంటే చరణంలో ఇంకో గాంధారం వస్తుంది. కరోకే ట్రాక్ స్కేల్ మీ కోసం మారదు. ఇక్కడ క్రొమాటిక్ ఒక్కటే నిలుస్తుంది. ట్రెమెలోతో ప్రయత్నిస్తే మూడు పాటలు దాటాక నాలుగో పాటలో చిక్కుకుంటారు.

క్రొమాటిక్‌తో ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లకు ఒక చిన్న జాగ్రత్త. చాలా హార్మోనికాలను ఎ స్వరానికి ప్రమాణమైన 440 హెర్ట్జ్ కంటే రెండు మూడు హెర్ట్జ్ పైన ట్యూన్ చేసి పంపుతారు, ఊపిరి ఒత్తిడికి శ్రుతి కొంచెం దిగుతుంది కనుక. మరీ మెల్లగా ఊదితే కీబోర్డ్ కంటే పైన వినిపిస్తుంది. కీబోర్డ్ ప్లేయర్‌తో ముందే ఒక్క స్వరం పట్టి సరిచూసుకోండి.

డబ్బు, దుకాణం

ధరలు మారుతుంటాయి, స్థూలంగా చెబుతాను. టవర్ లాంటి చవక ట్రెమెలోలు కొన్ని వందల్లో దొరుకుతాయి. పిల్లవాడు ఆసక్తి చూపిస్తాడా లేదా అని పరీక్షించడానికి సరే గానీ వాటిలో రీడ్లన్నీ సమానంగా పలుకుతాయని నమ్మకం లేదు. ఈస్ట్‌టాప్ లాంటి చైనా కంపెనీల పది రంధ్రాల హార్మోనికాలు వెయ్యి, రెండు వేల మధ్యలో దొరుకుతాయి, వాటి నాణ్యత నాకు నచ్చింది. హోనర్ స్పెషల్ 20 మూడు నాలుగు వేలకు అటూఇటూ. దాని లోపలి భాగం ప్లాస్టిక్ కాబట్టి తడికి ఉబ్బదు. మెరైన్ బ్యాండ్ లోపల చెక్క ఉంటుంది, ధ్వని వెచ్చగా ఉంటుందని కొందరు దాన్నే ఇష్టపడతారు. మొదటిదానికి నేనైతే స్పెషల్ 20 చెబుతాను.

క్రొమాటిక్‌లో చైనావి నాలుగైదు వేల నుంచి మొదలవుతాయి. హోనర్ క్రొమోనికా 48, సుజుకి ఎస్‌సీఎక్స్-48 లాంటివి పది వేలు దాటిపోతాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: వెయ్యి, పదిహేను వందలకు దొరికే క్రొమాటిక్ కొనొద్దు. బటన్ దగ్గర గాలి కారిపోతుంది, నాలుగు స్వరాలు వాయించేసరికి ఊపిరి ఆడదు, వాయించేవాళ్లు తమ ఊపిరితిత్తులదే లోపం అనుకుంటారు. అంత డబ్బే ఉంటే మంచి డయాటోనిక్ కొనుక్కోండి. చవక క్రొమాటిక్ కంటే అది ఎంతో మేలు.

మంచి రకాలు, వేరు వేరు స్కేళ్లు వరంగల్‌లో అన్నీ దొరకవు. కాజీపేట నుంచి రెండు గంటల రైలు ప్రయాణంలో సికింద్రాబాద్ ఉంది. లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి చాలా దుకాణాల్లో వాయించి చూడనివ్వరు, తెరిచాక వెనక్కి తీసుకోరు. అది న్యాయమే. కొందరి దగ్గర చేతితో నొక్కి గాలి పంపే తిత్తి ఉంటుంది, దానితో ఒక్కో రంధ్రాన్నీ పలికించి చూపించమని అడగండి. ఆన్‌లైన్‌లో తీసుకుంటే పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసి, అదే రోజు ప్రతి రంధ్రాన్నీ మెల్లగా ఊది, మెల్లగా పీల్చి చూడండి. ఏదైనా పలకకపోతే వెంటనే చెప్పాలి. డయాటోనిక్‌లో కొత్తవాళ్లకు రెండో రంధ్రం పీలిస్తే పలకనట్టు అనిపించడం మామూలే. అది ఎక్కువసార్లు నోటి పద్ధతి వల్ల వచ్చేది. మిగతావి సరిగా పలికి అదొక్కటే తేడాగా ఉంటే రెండు రోజులు చూడండి. వాడినది, ఎవరో ఇచ్చింది తీసుకోవద్దు, ఇంట్లోవాళ్లదైనా సరే. పిల్లల మధ్య ఒక్క మౌత్ ఆర్గాన్ చేతులు మారుతుంటే జలుబు దగ్గు అందరికీ వస్తాయి. ఎవరిది వాళ్లకే ఉండాలి.

మన ఎండ, మన చలి

వాల్వుల సంగతి చెబుతానన్నాను. మన ఊపిరిలో తేమ ఉంటుంది. చల్లటి లోహానికి తగిలితే నీరుగా మారుతుంది, ఆ నీటికి క్రొమాటిక్ వాల్వులు అంటుకుపోతాయి. స్వరం ఆలస్యంగా పలుకుతుంది, లేదా టప్ మని చప్పుడుతో తెరుచుకుంటుంది. డిసెంబర్, జనవరి ఉదయాల్లో వరంగల్‌లో ఇది తరచూ వచ్చే ఇబ్బంది. పరిష్కారం సులువే: వాయించే ముందు పది నిమిషాలు అరచేతుల మధ్యో, చొక్కా లోపలో పెట్టుకుని వెచ్చగా చేయండి. నోటితో గట్టిగా ఊది వేడి చేయొద్దు, తేమ ఇంకా పెరుగుతుంది.

ఎండాకాలం ఇంకో బాధ. మే నెలలో బండి డిక్కీలో పెట్టి మరిచిపోతే వాల్వుల అంటు ఊడిపోతుంది, చెక్క ఎండి పగుళ్లిస్తుంది. ఇంట్లో నీడలో, పెట్టెలో ఉంచాలి. తిన్న వెంటనే వాయించకూడదు. మిర్చి బజ్జీ, చాయ్ తర్వాతైతే నోరు బాగా పుక్కిలించాలి. పాన్, గుట్కా నమిలే అలవాటున్న వాళ్లు ఏ రకం కొన్నా రీడ్లు త్వరగా పాడవుతాయి. వాయించాక రంధ్రాలు కిందికి వచ్చేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టి తేమ పోనివ్వండి. ట్రెమెలో, డయాటోనిక్ ఈ విషయంలో మొండివి, చాలా భరిస్తాయి. క్రొమాటిక్‌కు మాత్రం రోజూ ఈ కాస్త సేవ చేయాలి. చేయలేం అనుకునేవాళ్లు దాన్ని కొనకపోవడమే మంచిది.

వేదిక మీద మైక్ గురించీ ఒక మాట. నేరెళ్ల వేణుమాధవ్ పేరున్న కళాప్రాంగణం, 2024 నవంబర్‌లో మొదలైన కాళోజీ కళాక్షేత్రం లాంటి చోట్ల సౌండ్ సెట్టు బాగుంటుంది. కాలనీ వినాయక మండపాల్లో మాత్రం మైక్‌కు ఎకో బాగా పెంచి ఉంచుతారు. ట్రెమెలో ధ్వని ముందే ఊగుతుంటుంది, దానికి ఎకో కలిస్తే వరుస ఏమిటో వినేవాళ్లకు తెలియదు. సౌండ్ చూసే అన్నను ఎకో బాగా తగ్గించమని అడగండి. డయాటోనిక్, క్రొమాటిక్ కొంచెం ఎకోను భరిస్తాయి. మామూలు పాట మైక్ చాలు. మైక్‌ను రెండు చేతులతో పూర్తిగా మూసేస్తే కీచుమంటుంది, కాస్త ఎడం ఉంచి పట్టుకోవాలి.

ఇంకా అటా ఇటా అని ఊగుతున్నవాళ్లకు

స్వరజ్ఞానం ఉండి, సినిమా పాటలో శాస్త్రీయమో మనసులో ఉంటే డబ్బు కూడబెట్టుకుని ఒక మంచి క్రొమాటిక్ తీసుకోండి, సి స్కేల్‌దే. సంగీతం అసలేమీ రాదు, స్నేహితులతో కూర్చుని వాయించాలి, జేబులో ఎప్పుడూ ఉండాలి అంటే సి డయాటోనిక్. ఇంట్లో పెద్దవాళ్లు పాడే పాటలకు, పండగలకు, కారల్స్‌కు అయితే ట్రెమెలో, కానీ వందల్లోది కాకుండా కాస్త మంచి కంపెనీది.

ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు నేను డయాటోనిక్‌నే చెబుతాను. పది రంధ్రాలు చిన్న నోటికి సరిపోతాయి, మోహన వరుస వారంలో వస్తుంది. ఇరవై నాలుగు రంధ్రాల ట్రెమెలో మీద పిల్లలకు ఎక్కడున్నామో తెలియక విసుగు పుడుతుంది. అరవై దాటిన వాళ్లు ఊపిరి కోసం, కాలక్షేపం కోసం మొదలుపెడితే ట్రెమెలో హాయిగా ఉంటుంది, బెండ్ గొడవ లేదు, తెలిసిన పాట తొందరగా పలుకుతుంది. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి.

మొదటిది కొన్నాక కనీసం ఆరు నెలలు రెండోది కొనొద్దు. ఆ ఆరు నెలల్లో పాడేవాళ్లతో వారానికి ఒక్కసారైనా కూర్చోండి. ఏ పాటలో ఏ స్వరం దొరకలేదో, ఎవరి శ్రుతికి అందలేదో ఒక కాగితం మీద రాసుకోండి. దొరకనివి ఎక్కువగా అర స్వరాలైతే మీకు కావాల్సింది క్రొమాటిక్. స్వరాలన్నీ ఉన్నాయి, శ్రుతి మాత్రమే కలవడం లేదంటే ఇంకో స్కేల్ డయాటోనిక్. పాడేవాళ్లు ఐదున్నర దగ్గర ఉంటే జి షార్ప్ కోసం వెతకడం కంటే వాళ్లను అర స్వరం కిందికి, ఐదుకు దిగమని అడిగి చూడండి. చాలామంది సంతోషంగా దిగుతారు, మీ జేబులో ఉన్న సి తోనే పాట నడుస్తుంది.